నాలుగు వైపులా ఒకే తాడు

మొన్న సర్వే వాళ్ళు గొలుసులూ జెండాలూ పట్టుకుని మా ఊరొచ్చారు. గెడ్డ, అంటే మా ఊరి వాగు, పక్కనున్న మా చిన్నాన్న కొబ్బరితోటని ముందు నాలుగు వైపులా కొలిచారు. తర్వాత ఒక మూల నుంచి ఎదురు మూలకి, చెట్ల మధ్యగా ఐమూలగా గొలుసు లాగారు. ఊరివాళ్ళకి అది వింతగా కనిపించింది.

"నాలుగేపులా కొలిసీసినాక మల్లీ ఆ ఐమూలేటి బాబూ? సెట్లకి మొలతాడు కడతారేటి?" అని ఒక ముసలాయన అంటే అందరూ నవ్వారు.

లెక్క కట్టి, ఆ తోట దాని పక్కనున్న మా తోటకంటే బాగా తక్కువని వాళ్ళు చెప్పేసరికి నవ్వులు ఆగిపోయాయి. రెండు తోటలూ సమానమన్న మాట అక్కడున్న ప్రతివాళ్ళూ పుట్టినప్పటి నుంచీ వింటున్నదే.

"ఒకటే తాడురా! నా కల్లతో సూసినాను నాను. నాలుగేపులా ఒకటే అయితే నేల ఎలగ తగ్గిపోద్ది?" అని ముసలాయన కర్ర నేలకేసి కొట్టాడు.

గుంపులోంచి ఒక ఆడమనిషి అందుకుంది. "దొంగ సెయ్యి పెట్టిన తోట గదా మావా. కాయలే కాదు, నేల కూడా తరిగిపోనాది."

మళ్ళీ నవ్వారు. ఆ మాట అన్న మనిషి మా పిన్నిని చూసి కూడా ఎరగదు. పిన్ని ఊరు విడిచి వెళ్ళేటప్పటికి ఈమె పుట్టి ఉండదు. అయినా ఆ మాట ఆమెదాకా వచ్చింది. మా పిన్ని దొంగ కాదని నాకు చదువుకునే రోజుల నుంచీ తెలుసు. దొంగ కాదని నిరూపించగలిగి కూడా ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. ఇక ఊరుకోకూడదని ఇది రాస్తున్నాను.

మాది పలాసకి తూర్పున, సముద్రపు హోరు వినబడే దూరంలో ఉన్న ఉద్దానపు పల్లె. అంతా ఇసక నేల. నా చిన్నతనంలో ఊరంతటికీ ఒకటే వాసన ఉండేది. ఎండుతున్న కొబ్బరి పీచు, పొయ్యిలో కాలే కొబ్బరి మట్ట, ఎండాకాలంలో వీటికి తోడు మగ్గిన పనసపండు. పొద్దున్న చోడి అంబలి, అంటే రాగి జావ, నంజుకోడానికి నిప్పులమీద కాల్చిన ఎండుచేప. మధ్యాహ్నం పనస పిక్కలు బూడిదలో కప్పెట్టి, అవి చిట్లే చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చునేవాళ్ళం.

ఒకసారి పచ్చి జీడిపిక్కని కాల్చకుండానే కొరికేశాను. పెదవులు పొక్కి మూతి బూరెలా ఉబ్బింది. మా మామ్మ, అంటే నాన్న తల్లి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఓలమ్మా! మూతి ఎక్కడెట్టినావురా గుంటడా? జీడి కొరక్కూడదని కోతికి కూడా తెలుసు గదరా!"

పక్కింట్లోంచి పిన్ని కొబ్బరినూనె తెచ్చి రాస్తూ, "కోతికి సెప్పినోళ్ళున్నారు అత్తా, ఈడికి ఎవులు సెప్పినారు?" అంది. అందరూ నవ్వారు, మామ్మ తప్ప.

పిన్ని మా చిన్నాన్న భార్య. మందస దగ్గర కొండకింద ఊరు ఆమె పుట్టిల్లు. ఆ పక్క కొబ్బరి లేదు. మాటకి మాట అందించేది, పెద్దగా నవ్వేది. ఆ రెండూ మా మామ్మకి గిట్టేవి కావు. పిన్నికి ఒక్కడే కొడుకు. నడక వచ్చిన దగ్గర్నుంచీ వాడు నా వెనకే. నేను ఉమ్మితే ఉమ్మేవాడు, నేను చెట్టెక్కితే కింద నిలబడి చెట్టుని కావలించుకుని తనూ ఎక్కానని అరిచేవాడు.

మా ఆటలన్నీ చిన్నాన్న తోటలోనే. మా తోటలో మిట్టమధ్యాహ్నం ఇసక కాళ్ళు కాల్చేది. చిన్నాన్న తోటలో ఎండ నేలమీదికి దిగేది కాదు. ఆకుకి ఆకు అల్లుకుని పందిరి వేసినట్టుండేది. రాలి మొలకెత్తిన కాయ దొరికితే రాతికేసి కొట్టి, లోపలి తెల్లటి పువ్వుని నేను సగం, వాడు సగం తినేవాళ్ళం. చూసినవాళ్ళంతా, 'మాయమ్మే, ఈ తోట ఎంత గుబురుగా ఉందో!' అనేవారు. అలా అనేవాళ్ళే తర్వాత, ఇంత గుబురు తోటలో కాయలేమయ్యాయని అదే మాటని పిన్నిమీదికి తిప్పారు.

ఆ తోటల పంపకం నాకు ఊహ తెలియకముందే జరిగింది. తాత పోయాక ఖాళీగా ఉన్న నేలని నాన్నా చిన్నాన్నా పంచుకున్నారు. మా వైపు ఆచారం ఏమిటంటే పెద్దవాడు భాగాలు వేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. అలా అయితే భాగాలు వేసేవాడు మోసం చేయడానికి ఉండదు. నాన్న కొబ్బరితాడు ఒకటి పేనించి, ఆ తాడు పొడవే ఒక్కో వైపు వచ్చేటట్టు రెండు భాగాలు వేశాడు. ఒకటి బాట పక్కన, ఒకటి గెడ్డ పక్కన. ఊరి పెద్దలు నిలబడి నాలుగు గట్లమీదా తాడు పరిపించి చూశారు. నీళ్ళు దగ్గరని చిన్నాన్న గెడ్డ పక్కది కోరుకున్నాడు.

గెడ్డ అక్కడ ఏటవాలుగా పారుతుంది. దాని వెంబడి గట్టు కూడా ఏటవాలుగానే పడింది, దానికి ఎదురు గట్టూ అలాగే పడింది. అది ఎవరికీ తప్పుగా తోచలేదు. నాలుగు వైపులా ఒకే తాడు అయినప్పుడు తప్పు ఎక్కడుంటుంది?

చెట్లు నాటింది కూడా తాళ్ళు పట్టుకునే. గట్ల వెంబడి ఒక మొక్క నుంచి మరో మొక్కకి ఎంత దూరమో రెండు తోటల్లోనూ ఒకటే. వరసలు సమానం, చెట్లు సమానం. పంపకం నాడు ఒక షరతు పెట్టారు. కాయలు దించే ప్రతి దింపులోనూ ఇద్దరు కొడుకులూ మామ్మకి సమానంగా వంతు తీసి ఇవ్వాలి. ఆ వంతు తీసేదాకా ఒక్క కాయ కూడా గడప దాటకూడదు.

చెట్లు కాపుకి వచ్చాక గొడవ మొదలైంది. దింపు రోజున రెండు వాకిళ్ళలోనూ కాయలు గుట్టలు పోసేవారు. మా గుట్ట ఇంటి చూరు అందుకునేది. చిన్నాన్న గుట్ట మా మోకాళ్ళు దాటేది కాదు. కాయ కూడా చిన్నది. మామ్మకి సమాన వంతు తీస్తే వాళ్ళకి మిగిలేది నామమాత్రం, తీయకపోతే మాట తప్పినట్టు.

"అదే నేల, అదే నీరు, అయ్యే సెట్లు. ఈడ పండీది ఆడ పండదేటే?" అని మామ్మ వాకిట్లో నిలబడి వీధికి వినబడేలా అడిగేది.

"సెట్టునడుగు అత్తా. కాసీది అది గదా," అనేది పిన్ని.

"సెట్టుకి నోరుంటే సెప్పీసును, మందస సంతకి ఎన్ని బత్తాలు ఎల్లినాయో!"

"మా ఊరోళ్ళు కొబ్బరితో కడుపు నింపుకోరు. ఆల్ల గంజి ఆల్లకుంది."

"నోరు సూడు! దొంగ సేతికి నోరు పొడుగు."

మొదట మామ్మ ఒక్కర్తే అనేది. తర్వాత నూతి దగ్గర అన్నారు, పీచు కొట్టే చోట అన్నారు. చిన్నాన్న మెత్తని మనిషి. కల్లు తాగొచ్చిన రోజున మాత్రం భార్యని అడిగేవాడు, "నిజం సెప్పీసీ. నానేటీ అనను," అని. పిన్ని నవ్వడం తగ్గిపోయింది.

అప్పటికి నన్ను టెక్కలిలో చదువుకి పెట్టారు. బంధువులింట్లో ఉండి బడికి వెళ్ళేవాడిని. లెక్కల మేష్టారు చండశాసనుడు. ఒకరోజు చీపురులోంచి నాలుగు పుల్లలు తీసి సమానంగా విరిచాడు. చివరలు కలిపి ముళ్ళు గుచ్చాడు. బల్లమీద పెట్టి, "ఏమిటిది?" అన్నాడు.

"చదరం అండి," అన్నాం.

"ఎలా తెలుసు?"

"నాలుగు భుజాలూ సమానం అండి."

ఆయన ఒక మూలని వేలితో నెమ్మదిగా నెట్టాడు. చదరం పక్కకి ఒరిగింది. "ఇప్పుడు?" ఇంకా నెట్టాడు. ఇంకా ఒరిగింది. చివరికి నాలుగు పుల్లలూ కత్తెర మూసినట్టు ఒకదానిపక్కన ఒకటి పడుకున్నాయి.

"భుజాలు మారాయా?"

"లేదండి."

"మరి లోపలున్న చోటేదిరా?"

అక్కడ ఇంతకుముందు నా అరచెయ్యి పట్టేంత చోటుంది. ఇప్పుడు వేలు పెట్టడానికి లేదు. పుల్ల విరగలేదు, పొడవు తగ్గలేదు, ఎవరూ ఏమీ తీయలేదు. చోటు మాత్రం పోయింది.

మేష్టారు పలకమీద గీస్తూ చెప్పాడు. నాలుగు భుజాలూ సమానమైతే అది సమచతుర్భుజం మాత్రమే. మూలలు కూడా లంబకోణాలైతేనే చదరం. సమచతుర్భుజంలో కర్ణాలు ఒకదానికొకటి అడ్డంగా, సరిగ్గా మధ్యలో కోసుకుంటాయి, కానీ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి కావచ్చు. రెండు కర్ణాలూ కూడా సమానమైతేనే ఒరగలేదని నమ్మాలి. దీర్ఘచతురస్రానికీ, ఒరిగిన సమాంతర చతుర్భుజానికీ ఉన్న తేడా కూడా అదే. "చుట్టూ ఎంత కొలిచినా లోపల ఎంతుందో తెలియదురా. ఐమూల కొలవండి," అన్నాడు.

నాకు ఆ మాటలు సగమే వినబడ్డాయి. ఒరిగిన పుల్లల మధ్య నాకు గెడ్డ పక్క తోట కనబడుతోంది. వరసలన్నీ ఒకదానిమీదికి ఒకటి జరిగాయి. గట్టు వెంబడి దూరం ఉన్నంతే ఉంది, వరసకీ వరసకీ మధ్య చోటు మాత్రం తగ్గింది. అందుకే అక్కడ ఎండ పడదు. మేము ఆడుకున్న ఆ నీడే చెట్ల ఆకలి. తక్కువ నేలలో అన్నే చెట్లు తిండికోసం కొట్టుకుంటున్నాయి. పిన్ని ఏమీ తీయలేదు. అక్కడ లేనిదాన్ని ఎవరు తీస్తారు?

ఆ వారమే మా ఊరినుంచి వచ్చిన ఒకాయన చెప్పాడు, వచ్చే ఆదివారం పిన్నిచేత అమ్మవారి గుడిలో ప్రమాణం చేయిస్తున్నారని. కొడుకు తలమీద చెయ్యి వేసి చెప్పాలని మామ్మ పట్టుబట్టిందట. శనివారం బడి విడవగానే చిన్న రైలుబండెక్కి నౌపడా, అక్కడ పెద్ద రైలెక్కి పలాస చేరి, ఇసకలో పరిగెత్తుకుంటూ ఊరొచ్చాను.

నాన్న పశువులకి మేత వేస్తున్నాడు. నేను రొప్పుతూనే నాలుగు పుల్లలు విరిచి చూపించాను. నాన్న చదువుకోలేదు కానీ మందబుద్ధి కాదు. పుల్లలు తన చేతిలోకి తీసుకుని తనే ఒరిగించాడు, తనే నిలబెట్టాడు. మళ్ళీ ఒరిగించాడు. చూరులోంచి తాడు తీసి, "రా," అన్నాడు.

పొద్దు వాలుతోంది. మా తోటలో ఐమూలకి తాడు పట్టాం. రెండూ సమానంగా వచ్చాయి, ఆ కొలతకే తాడు కోశాం. చిన్నాన్న తోటలో గెడ్డ మూలనుంచి ఒక ఐమూల పట్టాం. తాడు ఎంతకీ చాలలేదు. రెండో ఐమూల పడితే తాడు బారలకొద్దీ మిగిలిపోయి నా కాళ్ళ దగ్గర కుప్పపడింది. నాన్న ఆ కుప్పని చూస్తూ అలాగే ఇసకలో కూలబడ్డాడు.

"నానే పంచినానురా," అన్నాడు. "నా తమ్ముడికి నానే."

"రేపు గుడి దగ్గర అందరికీ సెప్పీద్దాం నాన్నా."

నాన్న తాడు చుట్ట చుట్టాడు. తర్వాత అన్నాడు. "రేపొద్దు. తాడు పట్టించినోళ్ళు ఊరి పెద్దలు. ఆల్ల ముందు పుల్లలాడిత్తే నవ్వీసి పంపేత్తారు. నానే నా తమ్ముడికి నేల తక్కువేసినానంటారు. అది తప్పు సెయ్యలేదు గాదా, రేపు పెమానం సేసీసిందంటే అందరి నోళ్ళూ మూతపడిపోతాయి. తోట సంగతి తరవాత నాను సక్కబెడతాను. నువ్వు ఎవులికీ సెప్పకు."

ఆ మాట నాకు సబబుగానే తోచింది. అదే ఇప్పటికీ నన్ను భయపెట్టే సంగతి.

మర్నాడు పిన్ని తడిబట్టతో గుడిముందు నిలబడింది. కొడుకు చంకలో ఉన్నాడు. నన్ను చూసి, "అన్నా, ఉమ్మీనా?" అని అడిగాడు. ఊరి పెద్ద ఒక్కో మాటా చెప్పాడు, పిన్ని ఒక్కో మాటా పలికింది. 'అత్త వంతు తీయకముందు ఒక్క కాయ కూడా నేను గడప దాటించలేదు. దాటించి ఉంటే అమ్మవారు చూసుకుంటుంది.' చెయ్యి వాడి తలమీద ఉంది. నేను నాన్న పక్కన నిలబడ్డాను. నాన్న నావైపు చూడలేదు.

నిజంగానే నోళ్ళు మూతపడ్డాయి, ఆ వానాకాలం దాకా. వానల్లో గత్తర, అంటే కలరా, వచ్చింది. మా వీధిలోనే ఇంటికొకరు చొప్పున పోయారు. పిల్లలు ఎక్కువ పోయారు. వాడూ పోయాడు. నేను టెక్కలినుంచి వచ్చేసరికి గెడ్డ ఒడ్డున వాణ్ణి పూడ్చిన చోట ఇసక తడిగా ఉంది, అంతే.

మిగతా ఇళ్ళలో పోయినవాళ్ళు రోగంతో పోయారన్నారు. మా పిన్ని కొడుకు మాత్రం అబద్ధపు ప్రమాణంతో పోయాడన్నారు. పక్క వీధిలో ముగ్గురు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి కూడా వచ్చి ఆ మాటే అంది. నేను చెవులారా విన్నాను. మామ్మ ఒక్కర్తే ఆ తర్వాత ఏమీ అనలేదు. గోడకి తిరిగి పడుకునేది. కానీ ఆమె రేపిన మాటకి అప్పటికే ఊరంతా నోరైపోయింది.

చిన్నాన్నా పిన్నీ ఊరు విడిచి మందస వైపు వెళ్ళిపోయారు. తోట నాన్న చూడాలి, వచ్చిన కాయ వాళ్ళకి పంపాలి అని మాట. వాళ్ళు వెళ్ళగానే నాన్న వరస విడిచి వరస చెట్లు కొట్టించేశాడు. ఏదో తెగులు అని చెప్పాడు. ఎండ నేలమీద పడింది. రెండేళ్ళు తిరిగేసరికి మిగిలిన చెట్లు గెలలు మోయలేక వంగిపోయాయి. తమ్ముడికి చేసిన అన్యాయం అలా దిద్దుకుంటున్నానని నాన్న అనుకున్నాడు. బళ్ళకొద్దీ కాయ మందస పంపాడు.

ఊరు ఏమందో తెలుసా? "సూసినారా, దొంగ సెయ్యి ఎల్లిపోయినాక తోట ఎలగ పండిందో!"

ఆ మాట విన్నరోజు నాన్న అన్నం ముందునుంచి లేచిపోయాడు. అయినా చెప్పలేదు. ఇప్పుడు చెబితే, అప్పుడే ఎందుకు చెప్పలేదు, చెబితే ప్రమాణమే జరగదు గదా, ప్రమాణం జరగకపోతే పిల్లాడి చావుకి ఆ నింద ఎందుకొస్తుంది అని అడుగుతారు. ఆ ప్రశ్న ఆయన దాటలేకపోయాడు. ఆయన పోయాక నేనూ దాటలేదు. చిన్నాన్న కూడా నిజం తెలియకుండానే పోయాడు.

మొన్న సర్వే గొలుసు దగ్గర ఆ ఆడమనిషి నవ్వినప్పుడు నేను ముందుకి వెళ్ళి అంతా చెప్పాను. ఊరి మధ్య, గొంతెత్తి, నాన్న పేరూ నా పేరూ దాచకుండా చెప్పాను. ముసలాయన నమ్మలేదు. కుర్రాళ్ళచేత తాడు పట్టించి రెండు ఐమూలలూ తనే చూశాడు. "ఓరి నాయినోయ్! ఆ పిల్లని ఏటి సేసీసినాం మనం!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు మందస వెళ్ళాను. పిన్ని వాకిట్లో చోళ్ళు చెరుగుతోంది. ముసలిదైపోయింది. పుల్లలూ గిల్లలూ ఏమీ తీసుకెళ్ళలేదు. తోట మొదటినుంచీ తక్కువేనని, అది పంపకం తప్పని, నాకూ నాన్నకీ ప్రమాణానికి ముందురోజే తెలుసునని చెప్పి, తల వంచుకుని నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను.

చేట కింద పెట్టింది.

"అయితే బత్తాలు నాను అమ్మలేదని ఇప్పుడు నమ్మినారన్నమాట."

"నమ్మినారు పిన్నీ."

"అమ్మలేదురా. కానీ ఒక్కటి పంపినాను." గొంతు తగ్గించింది. "మా యమ్మ మంచంమీదుంది. కొబ్బరి నీల్లు అడిగిందని కబురొచ్చింది. ఒక్క బొండాం దింపించి, మీ మామ్మ వంతు తియ్యకముందే కొంగు కింద దాసి ఇచ్చి పంపినాను. ఒక్క కాయ కూడా అని నా సేత అనిపించినారు గదా. ఆ ఒక్కటీ నా గొంతుకి అడ్డం పడింది. అయినా అనీసినాను. బాబు పోయినప్పుడు ఊరు అన్నది అబద్దమని నానెలగ అనుకుంటాను?"

ఊరు మర్చిపోయిన రోజుల్లో కూడా ఈ మనిషి ప్రతి రోజూ తన నోటితోనే కొడుకుని చంపుకున్నానని నమ్ముతూ బతికింది. నేను గుడి దగ్గర నోరు తెరిచి ఉంటే ఆ మాట ఆమె పలకవలసిన అవసరమే ఉండేది కాదు.

ఆమె పక్కన కూర్చున్నాను. "నీ సెట్టు కాయ పిన్నీ. నీ తల్లికి ఇచ్చుకున్నావు. గత్తరకి అందరి పిల్లలూ పోనారు."

పిన్ని ఏడవలేదు. చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది, చెరగలేదు.

"ఈ మాట అప్పుడొక్కరు అన్నా బతికిపోదునురా," అంది.